మడ్ అంటే బురద

శనివారం రాత్రి, హాస్టల్

పొద్దున నాలుగున్నరకే లేచాను. జడ ముడి చుట్టి, నెట్ వేసి, పిన్నులు గుచ్చుకునేసరికి ఇరవై నిమిషాలు. బెరెట్ టోపీ కింద ఒక్క వెంట్రుక బయటికొచ్చినా డ్రిల్ నేర్పే ఉస్తాద్ కంట పడుతుంది.

ఈ ఏడాది నేను సార్జెంట్‌ని కదా, ఫస్టియర్ స్క్వాడ్‌ని నాకే అప్పజెప్పారు. ఎన్‌సీసీలో కాషన్లన్నీ, అంటే డ్రిల్ ఆదేశాలన్నీ, హిందీలోనే. శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ‘సావధాన్’, ‘విశ్రామ్’ తొందరగానే వస్తాయి, చిక్కంతా కుడి ఎడమల ‘దాహినే’, ‘బాయే’ దగ్గరే. ఇవాళ ‘దాహినే ముడ్’ అన్నానో లేదో, ఐదుగురు ఎడమకు తిరిగి పక్కవాళ్ళతో ముఖాముఖి నిలబడ్డారు. నవ్వకూడదు. నవ్వొచ్చేసింది. మొదటి ఏడాది నేనూ అంతే. అప్పుడు సీనియర్ అక్క చెప్పిన చిట్కానే వీళ్ళకీ చెప్పాను: దాహినే అంటే అన్నం తినే చెయ్యి.

“అక్కా, నేను ఎడమ చేత్తో తింటాను” అంది వెనక వరసలో ఒక పిల్ల.

దానికి నా దగ్గర జవాబు లేదు.

పరేడ్ అయ్యాక ఇచ్చిన పూరీలు నడుస్తూనే తినేసి, బట్టలు మార్చుకుని పదింటికి కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉన్నాను. అక్కడ 75 శాతం హాజరుండాలి, ఎన్‌సీసీ వాళ్ళ సీ సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే పరేడ్‌లోనూ 75 శాతం ఉండాలి. ఆ సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడ్, డిగ్రీలో 50 శాతం వస్తే రాతపరీక్ష లేకుండా ఆర్మీలో ఆఫీసరు కావడానికి ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు పెట్టొచ్చు. షార్ట్‌లిస్ట్‌లో పేరుంటే నేరుగా ఎస్‌ఎస్‌బీకి, అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు ఇంటర్వ్యూకి, పిలుస్తారు. ఆడపిల్లలకు ఉండేవే ఐదారు సీట్లు. అందులో నెగ్గితే మెడికల్, మెరిట్ లిస్ట్, ఆ తర్వాత చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో 49 వారాల శిక్షణ. ఇదంతా చెబితే మా వీధిలోవాళ్ళు చివరికి అడిగేది ఒక్కటే, “అయితే పోలీసా అమ్మా?”

ల్యాబ్‌లో టైట్రేషన్. కళ్ళు బ్యూరెట్ మీదే ఉన్నాయి గానీ, మనసులో వాక్యాలు అల్లుకుంటున్నాను. చూసేసరికి ఫ్లాస్కులో లేత పింక్ రావాల్సింది గులాబీ షర్బత్ అయిపోయింది. మళ్ళీ మొదటికి.

ఆ వాక్యాల గోల ఏమిటంటే, ఎస్‌ఎస్‌బీలో వర్డ్ అసోసియేషన్ టెస్ట్ ఉంటుంది. 60 మాటలు, ఒక్కోదానికి 15 సెకన్లు. మాట కనిపించగానే తోచిన వాక్యం రాసెయ్యాలి. సాయంత్రం రూమ్మేట్ ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చదివింది, నేను రాశాను. మొత్తం అయ్యాక చూసుకుంటే పది ఖాళీలు. సరే, పోయినవారం కన్నా తక్కువే. కానీ నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఖాళీ కాదు, నింపిన మాటే.

‘మడ్’ అంది రూమ్మేట్. బురద బూట్లను పాడుచేస్తుంది అని ఇంగ్లీషులో రాసేశాను. అది రాసింది నేనేనా? బురద అంటే నాకు మోకాళ్ళదాకా దిగిన మడి, వంగి నాట్లేస్తున్న అమ్మ, గట్టు మీద నారుకట్టలు. ఈ వారమే మా ఊళ్ళో నాట్లు మొదలయ్యాయి కూడా. అదంతా తలలో మెదిలింది, ఒట్టు. దాన్ని ఇంగ్లీషులో పెట్టేలోపు టైమ్ అయిపోతుందన్న టెన్షన్‌లో, చేతికి అందిన చవక వాక్యం పడేశాను. నా రాతలో మనిషిని వెతుక్కునే సైకాలజిస్టుకు అక్కడ దొరికేది బూట్ల గురించి దిగులుపడే ఎవరో ఒకమ్మాయి. ఏ పుస్తకంలోంచో బట్టీ పట్టిన వాక్యాలైతే ఇంకా నయం, అవి కనీసం అబద్ధాలని నాకు తెలుసు.

హిందీలో అరిచి, ఇంగ్లీషులో రాసి, తెలుగులో ఆలోచించే బుర్ర ఇది. కాషన్ విషయంలో మూడేళ్ళలో దారికొచ్చింది, ఇప్పుడు ‘దాహినే’ అంటే తెలుగు తలుచుకోకుండానే మడమ తిరిగిపోతుంది. ఇది కూడా అలాగే అరగాలి కాబోలు.

పడుకోబోతూ రూమ్మేట్‌ని బతిమాలి ఆ ఒక్క మాటే మళ్ళీ చెప్పించుకున్నాను. “నీకు పిచ్చే” అని విసుక్కుంటూనే టైమర్ నొక్కింది. బురదలో నాటిన నారే కంకి వేస్తుంది అని ఇంగ్లీషులో రాశాను. నారుకి ఇంగ్లీషు మాట తట్టక మొక్క అనే పెట్టాను.

22 సెకన్లు పట్టింది. ఇంకో 7 తగ్గాలి.