‘యాని కాని’ అన్న చోట

ఆత్మప్రదక్షిణ చేస్తూ చదివే శ్లోకం చిన్నప్పటి నుంచి నాకు కంఠతా వచ్చు.

యాని కాని చ పాపాని జన్మాంతరకృతాని చ
తాని తాని ప్రణశ్యంతి ప్రదక్షిణ పదే పదే

ఏ పాపాలైనా సరే, వెనకటి జన్మల్లో చేసినవైనా సరే, ప్రదక్షిణలో వేసే అడుగడుగుకీ నశిస్తాయని అర్థం. నలభై ఏళ్లుగా ఉన్నచోటే మూడుసార్లు తిరిగి, చెంపలు వేసుకుని, పనికి వెళ్లిపోయేవాణ్ని. ‘యాని కాని’ ఎంత హాయైన మాటో ఈ మధ్యే తెలిసింది. ఏ పాపమో చెప్పనక్కరలేదు. ‘జన్మాంతరకృతాని’ మరీ హాయి.

నా పాపం జన్మాంతరానిది కాదు. మొన్న మాఘమాసంలో ఒక బుధవారం రాత్రి ఎనిమిదిన్నరది.

సింగరాయకొండలో బంధువుల గృహప్రవేశం. పూజ, భోజనాలు కింద. సాయంత్రం మిద్దె మీద మరో పంక్తి. అక్కడ తాగి, కారు నేనే నడుపుకుంటూ కందుకూరు బయలుదేరాను. కేంద్రంలో పాలు పోసి మోపెడ్ మీద ఇంటికి వెళ్తున్న ఒకతన్ని వెనక నుంచి గుద్దాను. ఖాళీ క్యాన్లు తారు మీద దొర్లుకుంటూ పోయిన మోత ఇప్పటికీ చెవిలోనే ఉంది. కారు దిగి నేను మొదట చూసింది నా హెడ్‌లైటును. పగిలిందా అని. మనిషిని ఆ తర్వాత చూశాను.

108కి ఫోను చేసింది వెనక ఆటోలో వచ్చినవాళ్లు. పోలీసుల కంటే ముందు మా బావమరిది వచ్చాడు. ‘‘బావా, నువ్వు ఇంటికి వెళ్లు. బండి నడిపింది డ్రైవరని చెబుదాం’’ అన్నాడు. వెళ్లిపోయాను. డ్రైవరు సరేనన్నాడట. జీతం ఇచ్చేది నేను, అనక ఏం చేస్తాడు?

ఇంట్లో తలా ఒక కారణం చెప్పారు. మోపెడ్‌కు వెనక లైటు లేదన్నారు. ఆ మలుపులో దీపాలు లేవన్నారు. జాతకం చూసినాయన ఏలినాటి శని అన్నారు. అన్నిటిలోకీ నాకు అదే నచ్చింది. శని మీద కేసు పెట్టేవారు ఉండరు కదా. మాలకొండ వెళ్లి అన్నదానానికి డబ్బు కట్టి రమ్మని సలహా. మాల్యాద్రి నరసింహస్వామి దర్శనం వారానికి ఒక్క శనివారమే. మూడోరోజే శనివారం వచ్చింది.

ప్రదక్షిణ చేస్తూ మొదటి శ్లోకం అలవాటుగా చదివేశాను. రెండోది ‘పాపోఽహం పాపకర్మాఽహం’ దగ్గర నోరు పెగలలేదు. తెలుగులో మనం ‘అహం’ అంటే గర్వం అనుకుంటాం. సంస్కృతంలో అది వట్టి ‘నేను’. శ్లోకం పొడుగునా వెతికినా డ్రైవరు లేడు, లైటు లేదు, శని లేడు. వెనక వస్తున్న ముసలాయన ‘‘నడవండి స్వామీ’’ అంటే పక్కకు తప్పుకున్నాను.

మనుస్మృతిలో చెప్పిన వాటన్నిటికీ తలూపేవాణ్ని కాను. కానీ పదకొండో అధ్యాయంలో పాపం నుంచి బయటపడే దారులు చెప్పిన శ్లోకం ఒకటి ఉంది: ‘ఖ్యాపనేన అనుతాపేన తపసా అధ్యయనేన చ’. ఖ్యాపనం అంటే చేసినదాన్ని నోరు విప్పి నలుగురికీ చెప్పడం. వరసలో అది మొదటిది, పశ్చాత్తాపం కంటే కూడా ముందు. దానం చిట్టచివర, అదీ ‘ఆపది’ అన్న షరతుతో, మిగతావి చేయలేనివాడికి. నేను చివరిదానితో మొదలుపెట్టి రసీదు తీసుకుందామని కొండెక్కాను.

ఆ సాయంత్రం స్టేషనుకు వెళ్లి ‘‘బండి నేనే నడిపాను, తాగి నడిపాను’’ అన్నాను. రాసుకుంటున్న కానిస్టేబుల్ కలం ఆపి ఒకసారి తలెత్తి చూశాడు. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరమని మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను. గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలని, పోలీసులకు తెలపాలని 134వ సెక్షను. రెండో దాంట్లో నా తప్పుకు సాక్షులున్నారు. మొదటి దానికి లేరు. మూడు రోజులు దాక్కున్నవాడి రక్తంలో ఏం దొరుకుతుంది? నా లెక్క ఏ కాగితం మీదా లేదు. నేను చెబితేనే ఉంది. బావమరిది నాతో మాట్లాడటం మానేశాడు. కేసు నడుస్తోంది.

తర్వాత ఆ ఊరు వెళ్లాను. అతను మంచంలో ఉన్నాడు, కాలికి రాడ్డు వేశారు. నన్ను చూసి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. క్షమించమని అడగలేదు, అది అతన్ని ఇంకో పని చేయమనడమే అనిపించింది. వాళ్లమ్మ వాకిట్లో నిలబడి, ‘‘ఆ రోజు బండి తోలింది ఎవరయ్యా?’’ అంది.

‘‘నేనేనమ్మా. తాగి ఉన్నాను.’’

ఆమె ఏమీ అనలేదు. సొట్టపోయిన పాలక్యాను ఒకటి గోడవారగా ఉంది. ఇప్పుడు దాంట్లో కుడితి పోస్తున్నారు. దాన్ని తీసుకుని గేదె దగ్గరికి వెళ్లిపోయింది.