40,000 హిట్లు, మూడు గరిటెలు

మా బావది ఉదయగిరి. చెక్క గరిటెలు చెక్కే ఇల్లు. ఆయన సరుకు కోసం చిన్న వెబ్‌సైట్ నేనే చేసిపెట్టాను. రెండు నెలలయ్యాక హోస్టింగ్ ప్యానెల్లో ఏడబ్ల్యూస్టాట్స్ (సైటుకొచ్చే రాకపోకల లెక్క చూపే సాఫ్ట్‌వేర్) తెరిస్తే హిట్లు 40,000 దాటాయి. బావ నెల్లూరొచ్చినప్పుడు గొప్పగా చూపించాను.

"ఇంతమంది చూస్తే అమ్ముడైంది మూడు గరిటెలేనా రా?" అన్నాడు.

ఆ మాట పట్టుకుని రాత్రంతా లాగ్ ఫైల్ (సర్వర్ రాసుకునే చిట్టా) ముందేసుకుని కూర్చున్నా. హిట్టంటే మనిషి కాదు, సర్వర్ని అడిగిన ఒక్కో ఫైలు. మా మొదటి పేజీలో ఫొటోలే 34. స్టైల్ ఫైళ్లు, ఫాంట్లు కలిపితే ఒక్కసారి తెరిస్తే 40 హిట్లు. అంటే పేజీ తెరిచింది వెయ్యిసార్లు, అంతే! అందులోనూ బాట్లున్నాయి, అంటే వాటంతటవే పేజీలు తెరిచే ప్రోగ్రాములు. పేరు చెప్పుకుని వచ్చేవాటిని ఏడబ్ల్యూస్టాట్సే పక్కన పెడుతుంది. బ్రౌజర్ వేషంలో వచ్చేవి మాత్రం మనుషుల్లో కలిసిపోతాయి.

తర్వాత సైటు చూసేవాళ్లను లెక్కగట్టే గూగుల్ అనలిటిక్స్ పెట్టాను. అందులో యూజర్లు వేరు, సెషన్లు (ఒక్కో రాక) వేరు. 30 నిమిషాలు కదలిక లేకపోతే సెషన్ ముగిసినట్టే. అన్నం తినొచ్చి మళ్లీ చూస్తే రెండోది. ఒకే మనిషి ఫోన్లో ఒకసారి, లాప్‌టాప్‌లో ఒకసారి చూస్తే మామూలుగా ఇద్దరు యూజర్లు.

ఊళ్ల పట్టికైతే నవ్వొచ్చింది. నెల్లూరు ట్రంకు రోడ్డులో నిలబడి నా ఫోన్లో తెరిస్తే చెన్నై అని పడింది! ఐపీ అడ్రసును (నెట్‌లో మన కనెక్షన్‌కుండే నంబరు) బట్టి వేసే అంచనా అది. మొబైల్ నెట్‌వర్క్ ఎక్కడ బయటికొస్తే ఆ ఊరే. వర్జీనియాలోని యాష్‌బర్న్ నుంచీ కొందరు కనిపించారు. డేటా సెంటర్లకు (సర్వర్లు గుట్టలుగా ఉండే చోట్లు) పేరుపడ్డ ఊరది, మన గరిటెలు కొనే ఊరు కాదు.

సగానికి పైగా 'డైరెక్ట్' (ఎక్కణ్ణుంచి వచ్చారో తెలియనివి) అని వస్తుంటే అర్థం కాలేదు. బావ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన లింకుల ఫలితమది. లింకు చివర యూటీఎం ట్యాగులు (ఎక్కడి లింకో చెప్పే గుర్తులు) తగిలించాక విడిగా తేలింది. నా ఇంటి ఐపీని కూడా లెక్కలోంచి తీసేశా. అప్పటిదాకా నాకంటే ఎక్కువసార్లు చూసినవాడు ఇంకొకడు లేడు మరి.

మిగిలినవాళ్లలో చాలామంది గరిటెల ఫొటోలు చూసి, కొరియర్ ఛార్జీల పేజీ దాకా వచ్చి, అక్కణ్ణుంచే వెళ్లిపోతున్నారు. గరిటె 60 రూపాయలు, పంపడానికి 80. బావకు ఫోన్ చేసి చెప్పాను.

"ఆ ముక్క నన్నడిగుంటే నేనే చెప్పేవాణ్ణి గదరా" అన్నాడు. ఇప్పుడు ఆరు గరిటెల సెట్టుగా పెట్టాం.