భయపడ్డ కుందేలు మచ్చికవ్వాలంటే

ఇరుకు బోనులో, ఇనప ఊచల మీద నెలల తరబడి బతికిన కుందేల్ని తెచ్చుకుని మొదటిరోజే ఒళ్లోకి తీసుకుంటారు. అది కదలదు. "ఎంత బుద్ధిగా కూర్చుందో!" అని మురిసిపోతారు. నిజానికి అది భయంతో బిగుసుకుపోయింది. కళ్లు ఉబ్బినట్టు పెద్దవై, చెవులు వీపుకి అతుక్కుని, ఒళ్లంతా రాయిలా ఉంటే ప్రాణభయంతో ఉందని అర్థం. వెల్లకిలా తిప్పితే నిద్రపోయినట్టు పడుంటుందే, అదీ భయమే. వేటజంతువు నోట చిక్కినప్పుడు కుందేలు అలాగే పడుంటుంది. అందుకే మొదటి నెల ఎత్తుకోవద్దు. తప్పనిసరైతే ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి, మీ ఒంటికి ఆనించి పట్టుకోండి. గాల్లో వేలాడదీస్తే వెనక కాళ్లతో తన్నుకుని వెన్నెముక విరగ్గొట్టుకోగలదు. చెవులు పట్టి లేపడం అసలే కూడదు.

మచ్చిక చేసుకునే ముందు నొప్పులున్నాయేమో చూడాలి. ఆలనాపాలనా లేని కుందేలికి తరచూ పళ్లు పెరిగి బుగ్గలకి గుచ్చుకుంటుంటాయి, గోళ్లు వంకర తిరిగుంటాయి, ఊచల వల్ల వెనక పాదాల అడుగున బొచ్చు ఊడి పుండ్లు పడతాయి, చెవుల్లో గజ్జి ఉంటుంది. తాకితే నొప్పెట్టే ఒంటిని ఏ ప్రాణీ తాకనివ్వదు. కుందేళ్లకి వైద్యం చేసిన అనుభవం ఉన్న డాక్టర్‌కి మొదటి వారంలోనే చూపించండి. కుక్కలకి గోమార్లు పోవడానికి వేసే ఫిప్రోనిల్ చుక్కలు దీనికి విషం. నోటి ద్వారా అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి ప్రాణం మీదికొస్తుంది. వాసనొస్తోందని స్నానం చేయించకండి.

జనం అటూ ఇటూ తిరగని గది మూల చాలు, కనీసం ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉండాలి. మన ఇళ్లలో టైల్స్ మీద దాని కాళ్లు జారతాయి, జారితే ఇంకా బెదిరిపోతుంది. పాత నూలు బొంత పరవండి. ఒక అట్టపెట్టెకి రెండు వైపులా కంతలు కోసి, పిన్నులు పీకేసి, బోర్లించండి. ఒక్క కంతే ఉంటే లోపల చిక్కుకుపోయాననుకుంటుంది. ఆ పెట్టెలో మాత్రం ఎప్పుడూ చెయ్యి పెట్టకండి.

తిండి ఒక్కసారిగా మార్చొద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. ఎండు తిమోతి గడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పెల్లెట్లు, అంటే కుందేళ్లకి అమ్మే గుళికల మేత, దాని ఒంటి బరువులో కిలోకి రోజుకి 25 గ్రాములు మించొద్దు. వైజాగ్ ఎంవీపీ కాలనీ రైతుబజార్‌లో తెచ్చిన కొత్తిమీర, పుదీనా బాగా కడిగి, ఒక్కో ఆకూ మూణ్నాలుగు రోజుల తేడాతో కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యండి. పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు ఆగినా అది భయమేలే అని ఊరుకోకండి. పేగులు ఆగిపోతున్నాయని అర్థం, వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

ఇక అసలు పని: నేల మీద కూర్చోవడం. కుందేలు తెల్లవారుజామునా సాయంత్రమూ చురుగ్గా ఉంటుంది కాబట్టి రోజూ ఒకే వేళకి అరగంట కూర్చోండి. మొదట ఆరడుగుల దూరంలో, దానికి పక్కగా తిరిగి, పుస్తకం చదువుకుంటూ. సూటిగా చూడకండి, చెయ్యి చాపకండి. కొన్నాళ్లకి మెడ సాగదీసి, వెనక కాళ్లు పారిపోవడానికి సిద్ధంగా ఉంచుకునే, మీ పాదం వాసన చూస్తుంది. అప్పుడు కదిలారో, వారం పని పోయినట్టే. ఆ తర్వాత కొత్తిమీర కాడ చివర పట్టుకుని పక్కనుంచి అందించండి. ముక్కు కిందా ఎదురుగా ఉన్నది దానికి కనబడదు, పైనుంచి వచ్చే చెయ్యి గద్దలా తోస్తుంది. కాడ లాక్కుని పారిపోయినా పరవాలేదు. మీ చేతి పక్కనే నిలబడి నమిలే రోజు వచ్చాక, నుదుటి మీద చెవుల వైపుగా రెండుసార్లు నిమిరి ఆపెయ్యండి. తల నేలకి ఆనిస్తే ఇంకా నిమరమని. తల తప్పిస్తే ఆ రోజుకి చాలు. పళ్లు మెల్లగా టిక్కుటిక్కుమంటే హాయి, గట్టిగా కొరుకుతుంటే నొప్పి.

బోనులోకి చెయ్యి పెట్టగానే మీద పడి కొరికేది పొగరు కాదు, తనకి మిగిలిన ఆ కాస్త చోటునీ కాపాడుకోవడం. అది బయట తిరిగేటప్పుడే శుభ్రం చెయ్యండి.

వైజాగ్ ఉక్కపోత కుందేలికి ప్రమాదం. గది ముప్పై డిగ్రీలు దాటకుండా చూడండి. ఫ్యాన్ ఒక్కటే చాలదు. గడ్డకట్టించిన నీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటుంది. దీపావళి టపాసులకీ, నేవీ విన్యాసాలప్పుడు బీచ్ వైపు నుంచి వచ్చే విమానాల హోరుకీ ముందే కిటికీలు మూసి, పెట్టె మీద దుప్పటి కప్పండి.

గోళ్లు కత్తిరించిన రోజో, మందు పట్టించిన రోజో కాలు దబ్బున నేలకి కొట్టి దాక్కుంటుంది. వెంటపడి బుజ్జగించకండి. గుప్పెడు కొత్తిమీర పెట్టె వాకిట్లో పెట్టి, ఆరడుగుల దూరంలో మళ్లీ కూర్చోండి.