మాంటిచెల్లో కొండ మీద రేచెల్ గారి సమాధి

మొన్న నాన్నని మాంటిచెల్లో, అంటే అమెరికా మూడో ప్రెసిడెంట్ థామస్ జెఫర్సన్ ఇంటికి తీసుకెళ్లాను. మేముండే ఆష్‌బర్న్ నుంచి రెండు గంటల పైనే డ్రైవ్. నాన్న ఒంగోలులో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు, జెఫర్సన్ ఇల్లు చూడబోతున్నామనగానే ముందు రోజు నుంచే హుషారు. కింద కారు పెట్టి షటిల్ బస్సులో కొండెక్కాం. ఐదు సెంట్ల నాణెం ఆయన చేతిలో పెట్టి, వెనకవైపు ఉన్నది ఈ ఇల్లేనని చెప్పాను. నాణెం కళ్లకి దగ్గరగా పెట్టుకుని, తలెత్తి గోపురం చూసి, మళ్లీ నాణెం చూసుకున్నారు.

ఇల్లు చూశాక మల్బరీ రో వెంట నడిచాం. జెఫర్సన్ దగ్గర బానిసలుగా ఉన్నవాళ్లు పనిచేసిన, బతికిన దారి అది. దాని పక్కనే ఒక సమాధి ఉంది. రేచెల్ ఫిలిప్స్ లెవీ, 1839లో పోయారు. మేం నిలబడ్డ కాసేపట్లోనే ఎంతమంది దాన్ని దాటుకుని వెళ్లిపోయారో. రాయి మీద నాలుగైదు గులకరాళ్లు పెట్టి ఉన్నాయి, యూదులు సమాధి దగ్గరికి వస్తే అలా రాయి పెట్టి వెళ్తారు.

"జెఫర్సన్ ఇంటి దగ్గర ఈవిడ సమాధి ఎందుకుందమ్మా?" అన్నారు నాన్న.

నేను ఈ కథ కోసమే వచ్చాను. అక్కడే నీడలో కూర్చుని చెప్పాను.

రేచెల్ గారి ముత్తాత డాక్టర్ సామ్యూల్ నూనెజ్, పోర్చుగల్‌లో యూదుల మీద జరిగే మత విచారణల భయంతో పారిపోయి 1733లో అమెరికాలోని సవానా చేరిన మనిషి. ఆ కొత్త ఊళ్లో అప్పటికే జ్వరాలతో జనం పోతుంటే వైద్యం చేసి చాలామందిని బతికించాడు. ఆవిడ తండ్రి జోనస్ ఫిలిప్స్ జర్మనీ నుంచి వచ్చి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఫిలడెల్ఫియా దళంలో చేరాడు. 1787లో రాజ్యాంగం రాస్తున్న పెద్దలకి ఆయనో ఉత్తరం రాశాడు: పెన్సిల్వేనియాలో పదవి కావాలంటే బైబిల్లో క్రీస్తు గురించిన 'కొత్త నిబంధన' భాగం కూడా దైవవాక్కని ప్రమాణం చేయాలట, యూదుడు అలా ఎలా చేస్తాడు, మేమూ ఈ దేశం కోసం పోరాడాం కదా అని. ఇది చెబుతుంటే నాకు గొంతు పట్టుకుంది.

రేచెల్ కొడుకు ఉరయా లెవీ పదేళ్లకే ఓడెక్కేశాడు. నేవీలో యూదుడని ఎన్ని మాటలు పడ్డాడో, ఆరుసార్లు కోర్టు మార్షల్ (సైనిక విచారణ) చేశారు, అయినా కమొడోర్ అనే పెద్ద హోదా దాకా ఎదిగాడు. నావికుల్ని కొరడాతో కొట్టే శిక్ష పోవాలని గట్టిగా పోరాడాడు.

జెఫర్సన్ 1826లో లక్ష డాలర్లకి పైగా అప్పులతో పోయాడు, కుటుంబం ఇల్లు అమ్ముకుంది, పాడుబడిన ఆ ఇంటిని 1834లో, జెఫర్సన్ అంటే ఎంతో అభిమానమున్న ఉరయా 2,700 డాలర్లకి కొని బాగు చేయించాడు, తల్లిని తెచ్చి ఇక్కడ ఉంచుకున్నాడు. పని చేసింది ఇక్కడ కూడా బానిసలే, అది దాచాల్సిన విషయం కాదు. అమెరికా అంతర్యుద్ధంలో కాన్ఫెడరేట్లు, అంటే విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలవాళ్లు, ఇల్లు లాక్కున్నారు. ఉరయా 1862లో పోయాక వీలునామా మీద ఏళ్ల తరబడి కోర్టు గొడవలు, ఈలోగా కింది గదుల్లో పశువుల్ని కట్టేశారు. 1879లో ఉరయా తమ్ముడి కొడుకు, పేరు జెఫర్సన్ మన్రో లెవీ, ఇల్లు దక్కించుకుని మళ్లీ నిలబెట్టాడు. 1923లో, ఇప్పుడు ఈ ఇంటిని చూసుకుంటున్న ఫౌండేషన్‌కి అమ్మేదాకా, దాదాపు తొంభై ఏళ్లు, జెఫర్సన్ కంటే ఎక్కువ కాలం దీన్ని కాపాడింది ఈ కుటుంబమే. తర్వాత వీళ్ల ఊసే లేకుండా పోయింది, 1985లో గానీ ఈ సమాధిని బాగు చేయలేదు. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

నాన్న ఏమీ అనలేదు. చెప్పులు విప్పి, మోకాలు పట్టుకుని వంగి, ఒక గులకరాయి తీసి మిగతా వాటి పక్కన పెట్టారు.

దిగేటప్పుడు జెఫర్సన్ సమాధి దగ్గర ఆగాం. ఎత్తైన రాతి స్తంభం, చుట్టూ ఇనుప కంచె, జనం బాగానే ఉన్నారు. తన గురించి ఏం చెక్కాలో ఆయనే రాసుకున్నాడు, మూడే పనులు, ప్రెసిడెంట్ అన్న మాటే లేదు. నాన్న కంచె పట్టుకుని పైకే చదివారు. రెండోది వర్జీనియా మత స్వేచ్ఛ చట్టం. "ఉరయా ఈయన్ని అంత అభిమానించింది ఇందుకే నాన్నా" అన్నాను. ఆ లైను ఇంకోసారి చదివారు.