లారీ వెనుక కారు వస్తుంటే

ఇల్లు మారే క్రమంలో మా కారును సామాను లారీ వెనుక ట్రాలీ మీద కట్టి చాలా దూరం తీసుకువచ్చాము. దారంతా నా ధ్యాస దాని పెయింట్ మీదే ఉంది. లారీ చక్రాలు ఎగజిమ్మే కంకర నేరుగా బంపర్‌కు, బానెట్ అంచుకు తగులుతుంది, రంగును కాపాడే క్లియర్ కోట్ మందమేమో సుమారు 40 నుంచి 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు).

కవర్ తొడగమని చాలామంది చెప్పారు, నేను ఒప్పుకోలేదు. ఎంత బిగించినా కవర్ గాలికి కొట్టుకుంటూనే ఉంటుంది, దాని కింద చేరిన ఇసుక రంగును రుద్ది సన్నని గీతలు పెడుతుంది. అందుకే కారును శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ముందు భాగమంతా పారదర్శకమైన రక్షణ ఫిల్మ్ వేయించి, లారీ వెనుక చక్రాలకు వెడల్పాటి మడ్‌ఫ్లాప్‌లు, అంటే చక్రం వెనుక వేలాడే రబ్బరు తెరలు, కట్టించాము. నా దృష్టిలో మడ్‌ఫ్లాప్‌లే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే అవి రాయిని పుట్టినచోటే ఆపుతాయి.

ఆగిన ప్రతిచోటా దిగి, ఫిల్మ్ అంచులు లేచాయేమోనని వేలితో తడిమి చూశాను. బంపర్ మీది ఫిల్మ్‌లో ఒకచోట ఆవగింజంత గుంట కనిపించింది; చేరాక ఎండలో కాస్త వెచ్చబడనిచ్చి, ఫిల్మ్‌ను వెనక్కి మడుస్తూ మెల్లగా లాగి చూస్తే, కింద రంగు చెక్కుచెదరలేదు.