గులాబి పురుగు, ప్రకృతి వరణం

శనగపచ్చ పురుగుకు ఏ మందూ పనిచేయక 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు కుదేలైపోయిన సంగతిని మా తరం వారెవరూ మరచిపోలేరు. సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే పురుగుమందులు వచ్చిన కొత్తలో ఒక్క పిచికారీతో చేను తేటపడేది. కొన్నేళ్లు గడిచేసరికి మందు మీద మందు కొట్టినా పురుగు కదలలేదు. ఆ ఏడు అప్పులు తీర్చే దారి లేక కొందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. జంతుశాస్త్రం పాఠం చెప్పిన ఇన్నేళ్లలో ప్రకృతి వరణానికి, అంటే పరిస్థితులను తట్టుకున్న జీవులే మిగిలి సంతతిని పెంచుకునే ఏరివేతకు, ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు. ఇంత బాధాకరమైనదీ దొరకలేదు.

ఈ రోజు ప్రత్తిపాడు దగ్గర మా బావమరిది చేనుకు వెళ్లాను. రెండో తీత నడుస్తోంది. అతడు ఒక పచ్చికాయను కోసి నా చేతిలో చీల్చి చూపించాడు. పైకి కాయ నున్నగా, మచ్చ లేకుండా ఉంది. లోపల ఒక గదిలో దూది పసుపు రంగు పట్టి ముద్దకట్టింది, పక్క గదికి దారి చేసుకుంటూ మధ్య గోడకు గుండ్రటి చిల్లు పడింది, ఒకదానికొకటి అతుక్కున్న రెండు గింజల నడుమ గులాబి రంగు పురుగు ముడుచుకుని ఉంది. “బీటీ విత్తనమే వేశాను బావా. పురుగు దానికి కూడా అలవాటు పడిపోయింది” అన్నాడు. బీటీ అంటే కాయ తొలిచే పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా చేసిన విత్తనం.

చదువుకున్నవారు కూడా అలాగే అనుకుంటారు గనుక నేను అతనికి కొంచెం నిదానంగానే చెప్పాను. ఏ ఒక్క పురుగూ విషానికి అలవాటు పడలేదు. తిన్నది చనిపోయింది, లేదా బతికింది. బీటీ పత్తి మన దేశానికి 2002లో వచ్చింది. ఆ విషాన్ని తట్టుకునే లక్షణం లక్షల పురుగుల్లో ఎక్కడో ఒకదానికి ముందే ఉండి ఉండాలి. మిగిలినవన్నీ చనిపోతుంటే పిల్లలను కనే అవకాశం దానికే దక్కింది. మారింది పురుగు కాదు, పురుగుల సంతతి. జీవి తన జీవితకాలంలో సంపాదించుకున్న మార్పు పిల్లలకు సంక్రమిస్తుందని, మా బావమరిది అన్నట్టే, డార్విన్‌కు ముందటి ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ భావించాడు. డార్విన్ ఇంటి దగ్గర పావురాలను పెంచి, పెంపకందారులు తమకు నచ్చినవాటినే ఏరి జతకట్టించి కొత్త రకాలను తీయడం కళ్లారా చూసి, ప్రకృతిలో ఆ ఏరివేతను బతుకు పోరాటమే చేస్తుందని గ్రహించాడు. మలయా ద్వీపాల్లో జ్వరంతో పడుకున్న మరో ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ కూడా ఇదే ఆలోచనకు చేరడంతో, 1858 జులై 1న ఇద్దరి రచనలనూ లండన్‌లోని లినేయన్ సొసైటీలో కలిపి చదివారు. డార్విన్ గ్రంథం మరుసటి ఏడు వెలువడింది.

అయితే నన్ను ఎప్పుడూ కట్టిపడేసేది ఆ తర్వాతి కథ. తల్లిదండ్రుల లక్షణాలు పాలూ నీళ్లలా కలిసిపోతాయని అప్పట్లో చాలామంది నమ్మేవారు. అదే నిజమైతే అరుదైన మంచి లక్షణం తరతరానికీ సగం సగం పలచబడి మాయమైపోవాలి కదా అని 1867లో ఇంజినీరు ఫ్లీమింగ్ జెంకిన్ అడిగాడు. డార్విన్‌ను నిజంగా ఇబ్బంది పెట్టిన విమర్శ అది. దానికి కావలసిన జవాబును మెండెల్ 1866లోనే బఠాణీ మొక్కలతో ప్రచురించి ఉన్నాడు. లక్షణాలను మోసే కారకాలు కలిసి కరిగిపోవు, విడివిడిగానే తరాలు దాటుతాయి. ఆ మాట 1900 వరకు శాస్త్రలోకం చెవికెక్కలేదు. తర్వాత ఫిషర్, రైట్, హాల్డేన్ అనే శాస్త్రవేత్తలు డార్విన్ వరణాన్నీ మెండెల్ కారకాలనూ గణితంతో ముడివేశారు. ఆ హాల్డేన్ 1957లో కలకత్తాకు వచ్చి స్థిరపడి, భారత పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడని చెబితే మా బావమరిది చాలాసేపు నమ్మలేదు.

మెండెల్ లెక్క చేలోకి వస్తే ఇలా ఉంటుంది. తట్టుకునే జన్యువు అంతర్గతమైనదనీ (రెండు ప్రతులూ ఉంటేనే పనిచేసేదనీ), వెయ్యింటికి ఒకటి చొప్పున ఉందనీ అనుకుంటే, ఆ జన్యువు జంటగా ఉన్న పురుగు పది లక్షల్లో ఒకటే ఉంటుంది. ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవి బీటీ కాయ తిని చనిపోతాయి. చేను చుట్టూ వేయమని బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ విత్తనం ఇచ్చింది ఇందుకే. ఆ వరుసల్లో బతికిన మామూలు రెక్కల పురుగులు తట్టుకున్న అరుదైనవాటితో జతకడితే, పుట్టే పిల్లలకు ఆ జన్యువు ఒక్క ప్రతే ఉంటుంది గనుక అవి బీటీ కాయ మీద బతకలేవు. పురుగుకు మేత వేయడమెందుకని చాలామంది ఆ చిన్న ప్యాకెట్‌ను పక్కన పడేశారు. నష్టాల్లో ఉన్న రైతును ఇందుకు తప్పుపట్టడం నాకు న్యాయమనిపించదు. ఆ ప్యాకెట్ ఎందుకో అర్థమయ్యేలా ఎవరైనా విడమరచి చెప్పి ఉండాల్సింది. మొదట గుజరాత్‌లో గులాబి పురుగు బీటీని తట్టుకుంటోందని 2010 నాటికి తేలింది.

డిసెంబరు దాటకుండా పంట ముగించి కట్టె పీకేయించమని అతనికి గట్టిగా చెప్పాను. చేను మార్చి దాకా నిలిస్తే పురుగు మరికొన్ని తరాలు గడుపుతుంది, ప్రతి తరంలోనూ ఏరివేత ఇంకాస్త ముందుకు సాగుతుంది. “ఇంకో తీత వస్తే కూలి ఖర్చులైనా గిట్టుతాయి కదా బావా” అన్నాడు. అది కాదనలేను. పైగా అతనొక్కడు పీకేస్తే సరిపోదు, చుట్టుపక్కల చేలన్నీ ఒకేసారి ఖాళీ కావాలి. అందుకని ఈ వారంలోనే రైతు సేవా కేంద్రంలో పక్క చేల వాళ్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడదామని ఇద్దరం అనుకున్నాం.