పుస్తకంల రాస్తే ఒకటి, ఎక్సెల్‌ల ఎక్కిస్తే ఇంకోటి

హన్మకొండల హాస్టల్ గేటు కాడ రిజిస్టర్ల పేరు, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు రాయించుకుంటరు. మన వ్యక్తిగత వివరాలను కాపాడే 2023 డేటా చట్టం ఆ పుస్తకం జోలికి పోదు, డిజిటల్ సమాచారానికే అది. అదే పేజీని కంప్యూటర్ల ఎక్కిస్తే మాత్రం లెక్కలకు వస్తది. యూరప్ డేటా చట్టం జీడీపీఆర్ అట్ల కాదు, ఒక పద్ధతిల పేర్చిన కాగితం ఫైళ్లను కూడా పట్టుకుంటది. నా లెక్కల మన చట్టంల పెద్ద సందు ఇదే.

అమెరికాల కాలిఫోర్నియా చట్టానిది ఇంకో తీరు. 'నా వివరాలు అమ్మొద్దు' అని మనమే చెప్పాలె.

పిల్లలంటే మనకు 18 ఏండ్ల లోపు, తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలె. యూరప్‌ల 16, దేశాన్ని బట్టి 13 దాకా దిగొచ్చు. ఇంటర్ కాలేజీల యాప్‌లకు ఇది తలనొప్పే. జరిమానా మన దగ్గర గరిష్ఠంగా 250 కోట్లు.

మన చట్టం రూల్స్ 2025 నవంబర్ల వచ్చినయి, అసలు బాధ్యతలకు 18 నెలల గడువు. అందాక జిరాక్స్ సెంటర్‌కు మాస్క్‌డ్ ఆధార్ పంపుండ్రి: మొదటి 8 అంకెలు దాగి, చివరి 4 కనబడతయి. ప్రింట్ అయినంక వాట్సాప్‌ల డిలీట్ కొడితే సరిపోదు, వాళ్ల డౌన్‌లోడ్స్ ఫోల్డర్ల పీడీఎఫ్ అట్లనే ఉంటది. అక్కడే నిలబడి తీయించాలె.